మాసిన ఇంజనుకు మళ్లీ మెరుపు: కవర్లు, ఫిన్లు, బోల్టులు ఇంట్లోనే బాగుచేసుకునే విధానం

బైకు ఇంజను లోపల ఎంత బాగున్నా పైకి మాత్రం త్వరగానే ముసలిదైపోతుంది. బూటు మడమ రోజూ రాసుకునే చోట క్లచ్ కవరు మీది నల్లరంగు అరిగి తెల్లని లోహం తేలుతుంది. ముందు చక్రం చిమ్మిన బురద సిలిండర్ ఫిన్ల (వేడిని గాలిలోకి వదిలే రెక్కల) మధ్య గట్టిపడుతుంది. బోల్టుల తలలు తుప్పు పడతాయి. ఇవన్నీ ఓపిక ఉంటే ఇంట్లో సరిచేసుకోగలిగినవే. ఓపికతో పాటు ఇంకొకటి కావాలి: చేతిలో ఉన్న భాగం మీద ఏ పూత ఉందో తెలియాలి.

నేను చెడగొట్టిన మొదటి కవరు నిజానికి పాడైనది కాదు. దాని పైనున్న పారదర్శక లక్కరు వయసుతో పసుపెక్కింది, అంతే. ఆ సంగతి తెలియక రెండు రోజుల పాటు మెటల్ పాలిష్ పెట్టి రుద్దాను. పాలిష్ లోహాన్ని తాకనే లేదు. లక్కరు మాత్రం అక్కడక్కడ లేచిపోయి, కవరు చర్మవ్యాధి వచ్చినట్టు తయారైంది. అప్పటి నుంచి పూత తేల్చుకోకుండా ఎమరీ కాగితం ముట్టుకోవడం లేదు.

మొదటి అడుగు: పూతను గుర్తించడం

కవరు లోపలి అంచు దగ్గర, ఎవరికీ కనబడని చోట, తెల్లని గుడ్డతో కాస్త మెటల్ పాలిష్ రుద్దండి. గుడ్డ వెంటనే నల్లబడితే అది పూత లేని అల్యూమినియం. ఎంత రుద్దినా గుడ్డ నల్లబడకపోతే పైన ఏదో పొర ఉన్నట్టే. ఆ పొర కింద తెల్లని సన్నని గీతలు పురుగులు పాకినట్టు వంకర్లు తిరిగి కనిపిస్తే, లక్కరు కిందికి తేమ చేరి అల్యూమినియాన్ని తినేస్తోందని అర్థం. పైపైన తుడిస్తే అవి పోవు. లక్కరు మొత్తం తీయాల్సిందే.

రంగు వేసిన భాగమైతే గుడ్డకు థిన్నర్ తడిపి ఒక మూల రుద్దండి. రంగు గుడ్డకు అంటుకుంటే అది ఎవరో తర్వాత వేసిన మామూలు స్ప్రే. ఏమీ రాకపోతే ఫ్యాక్టరీలో కాల్చిన రంగో, పౌడర్ కోటింగో అయి ఉంటుంది. అలాంటిది గట్టిగా అంటుకుని ఉన్నంతవరకు పూర్తిగా గీకేయకండి. అంతకన్నా మంచి పునాది మీరు ఇంట్లో వేయలేరు. దాన్నే గరుకు చేసి పైన వేసుకోవడం తెలివైన పని.

క్రోమ్‌ను గుర్తించడానికి దాని నీలి ఛాయ చాలు. అనోడైజ్ చేసిన (కరెంటుతో లోహం మీదే గట్టి ఆక్సైడు పొర కట్టించిన) భాగం పాలిష్ చేసిన లోహంలా తళతళలాడకుండా, లోపలి నుంచి వచ్చినట్టున్న నిండు రంగుతో ఉంటుంది. దాన్ని రుద్దితే ఆ రంగు తిరిగి రాదు.

కొన్ని బళ్లలో కవర్లను మెగ్నీషియంతో పోస్తారు. ఇది తప్పకుండా తేల్చుకోవాలి. అల్యూమినియం కంటే మూడో వంతుకు పైగా తేలిక కాబట్టి చేతిలో పట్టుకుంటేనే అనుమానం వస్తుంది. లోపలి వైపు శుభ్రమైన లోహం మీద ఒక చుక్క వెనిగర్ వేస్తే బుసబుస పొంగుతుంది. అల్యూమినియం మీద అలా జరగదు. మెగ్నీషియం పొడి అంటుకుంటే నీళ్లతో ఆరదు సరికదా, ఇంకా రెచ్చిపోతుంది. అలాంటి కవరును ఇంట్లో రుద్దవద్దు. పూత పనివాళ్లకు అప్పగించండి.

రెండో అడుగు: విప్పడం

ముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. తర్వాత ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, బోల్టు ఉన్న ప్రతి చోటా రంధ్రం పొడవండి. తీసిన బోల్టును తీసినట్టే ఆ రంధ్రంలో గుచ్చేయండి. ఒకే కవరుకు రెండు మూడు పొడవుల బోల్టులు ఉంటాయి. పొడవైనది పొట్టి రంధ్రంలోకి వెళితే అడుగును తగిలి ఇంజను పెంకునే పగలగొట్టవచ్చు. పొట్టిది పొడవైన రంధ్రంలోకి వెళితే నాలుగు మరలు మాత్రమే పట్టి, బిగించగానే వాటిని లాగేస్తుంది. ఐదు నిమిషాల అట్టముక్క పని ఈ రెండు కష్టాలనూ తప్పిస్తుంది.

పాత జపాన్ బళ్ల కవర్లకు ప్లస్ గాడి స్క్రూలు ఉంటాయి. చూడటానికి మామూలు ఫిలిప్స్ లాగే ఉన్నా అవి జపాన్ ప్రమాణంలోవి. చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు. బలం పెట్టగానే పైకి జారి గాడిని నాశనం చేస్తుంది. సరైన కొన ఉన్న ఇంపాక్ట్ డ్రైవరును స్క్రూ మీద పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే ఏళ్ల తరబడి బిగుసుకున్నవి కూడా కదులుతాయి. కదలకపోతే చుట్టూ వేడి చేసి, తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. విరిగిన బోల్టును తీయడానికి పట్టే సమయంతో పోలిస్తే ఒక రాత్రి ఏపాటిది?

ఒక్కో బోల్టునూ ఒకేసారి విప్పేయకుండా ఎదురెదురుగా ఉన్నవాటిని ముందు పావు చుట్టు వదులు చేయండి. కవరు అతుక్కుపోయి ఉంటే నైలాన్ సుత్తితో చుట్టూ తట్టండి. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే కవరు ఇంజనుతో కలిసే ముఖం మీద గాటు పడుతుంది. ఆ గాటు నుంచి ఆయిలు కారడం మొదలవుతుంది. అందం కోసం మొదలుపెట్టిన పని అప్పుడు ఇంజను రిపేరుగా మారుతుంది.

మాగ్నెట్ కవరు (కరెంటు పుట్టించే భాగాన్ని మూసే, సాధారణంగా ఎడమవైపు ఉండే కవరు) తీసేటప్పుడు లోపలి అయస్కాంతం దాన్ని గట్టిగా వెనక్కి లాగుతుంది. వేళ్లు సందులో ఉంచకండి. కవరుతో పాటు వాషర్లు, చిన్న గేర్ల ఇరుసులు జారి రావచ్చు. ఏది ఏ పక్క నుంచి వచ్చిందో ఆ క్షణంలోనే ఫొటో తీయండి. స్టేటర్ కాయిల్ (కరెంటు పుట్టే తీగచుట్ట) కవరుకే బిగించి ఉంటే విప్పి పక్కన పెట్టండి. ఇక ఆయిలు సంగతి: చాలా బళ్లలో క్లచ్ కవరు కుడివైపు ఉంటుంది. సైడ్ స్టాండు మీద బండి ఎడమకు వంగుతుంది కాబట్టి తరచుగా ఆయిలు దించకుండానే క్లచ్ కవరు తీయవచ్చు. మాగ్నెట్ కవరుకు ఆ వెసులుబాటు లేదు. ఎలాగూ ఆయిలు మార్చే రోజునే ఈ పని పెట్టుకోవడం మేలు.

మూడో అడుగు: కడగడం

రంగు ఊడిపోయిందని స్ప్రే డబ్బాను తిట్టేవాళ్లలో చాలామంది కడగడంలో తొందరపడినవాళ్లే. ఈ పనికి రంగు వేసే సమయానికి నాలుగింతలు కేటాయించండి.

మొదట కిరోసిన్, పాత టూత్‌బ్రష్. జిడ్డు కరిగాక గిన్నెలు తోమే ద్రవ సబ్బు, గోరువెచ్చని నీళ్లు. మూలల్లో వెదురు పుల్ల. మళ్లీ సబ్బు, మళ్లీ నీళ్లు. మురికి కాలువలు శుభ్రం చేసే క్షారపు పొడి, ఓవెన్ క్లీనర్ లాంటివి దరిచేరనివ్వకండి. వాటిలోని కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేసి నల్లగా చేస్తుంది, హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ఆయిలు మట్టం చూసే గాజు బిళ్ల చాలా బళ్లలో ప్లాస్టిక్‌తో చేసినది. థిన్నర్, బ్రేక్ క్లీనర్ తగిలితే దానికి సన్నని పగుళ్లు వస్తాయి.

కడిగాక నీటి పరీక్ష చేయండి. భాగం మీద నీళ్లు పోసి వంచి చూడండి. నీరు ఒకే పొరలా పరచుకుని జారితే శుభ్రమైనట్టు. ఎక్కడైనా ముత్యాల్లా విడివిడిగా నిలిస్తే అక్కడ ఇంకా జిడ్డు ఉంది.

పోత లోహానికి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి ఆయిలు వాటిలో ఇంకిపోతుంది. పైకి తళతళలాడే కవరును పొయ్యిలో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచితే ఆ ఆయిలు చెమటలా బయటికి వస్తుంది. తుడిచి, కడిగి మళ్లీ వేడి చేయండి. చెమట రానప్పుడే రంగు గురించి ఆలోచించాలి. దీనికి వంటకు వాడే పొయ్యి పనికిరాదు. పాతది ఒకటి విడిగా ఉండాలి, గాలి ఆడే చోట పెట్టాలి. వేడి చేసేముందు రబ్బరు సీళ్లు, ప్లాస్టిక్ ముక్కలు తీసేయడం మరచిపోకండి.

కవరుకూ ఇంజనుకూ మధ్య ఆయిలు కారకుండా ఆపే పాత గ్యాస్కెట్‌ను ప్లాస్టిక్ గీకుడు ముక్కతో, లేదా బ్లేడును దాదాపు పడుకోబెట్టి తీయండి. గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద ఎమరీ కాగితం పెట్టి రుద్దకండి.

గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించి శుభ్రం చేయించుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. గాజు పూసలైనా, ఇసుకైనా ఒక్క రేణువు ఆయిలు దారిలో మిగిలితే బేరింగును తినేస్తుంది. ఆయిలు దారులున్న కవరుకు నేను ఆ పని చేయించను. దారులు లేని స్ప్రాకెట్ కవరు లాంటివాటికైతే అభ్యంతరం లేదు.

నాలుగో అడుగు: పాత పొర తీయడం, గాట్లు పూడ్చడం

లక్కరు, మామూలు రంగు పెయింట్ రిమూవర్‌తో వదులుతాయి. చేతి తొడుగులు, కళ్లజోడు పెట్టుకుని ఆరుబయట పూయండి. పొర ముడతలు పడ్డాక నైలాన్ బ్రష్‌తో తీసి, నీళ్లతో రెండుసార్లు కడగండి. ఏ మూలనైనా రిమూవర్ మిగిలితే కొత్త రంగును కూడా అదే పని పడుతుంది.

కింద పడ్డ బండి కవరు మీది గాట్ల అంచులు పైకి లేచి ఉంటాయి. ముందు ఆకురాయితో ఆ అంచులను చదును చేయండి. సగం గాట్లు అక్కడే మాయమవుతాయి. మిగిలిన లోతైనవాటికి రెండు దారులు. పాలిష్ చేయబోతుంటే చుట్టూ లోహాన్ని దించుకుంటూ రావాలి. రంగు వేయబోతుంటే వేడి తట్టుకునే ఎపాక్సీ మెటల్ పుట్టీతో పూడ్చవచ్చు. పుట్టీ డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత చూడండి. ఆయిలు తగిలే పక్క కవర్లు సుమారు 100 డిగ్రీల దగ్గర ఉంటాయి, అక్కడ అది నిలుస్తుంది. సిలిండర్ హెడ్ ఫిన్లు 150 దాటవచ్చు, అక్కడ చాలా పుట్టీలు నిలవవు. కవరుకు నిజంగా పగులు ఉంటే పుట్టీ పెట్టి దాచకండి. వెల్డింగ్ చేయించండి, లేదా కవరు మార్చండి.

ఐదో అడుగు: అల్యూమినియం పాలిష్

ఇందులో కిటుకు ఒక్కటే: ప్రతి కాగితమూ ముందు కాగితం గీతలను పూర్తిగా చెరపాలి. 240 నంబరు ఎమరీ కాగితంతో (నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టి 320, 400, 600, 800, 1000, 1500, 2000 వరకు నీళ్లతో రుద్దుకుంటూ వెళ్లండి. గాట్లు లోతుగా ఉంటే 180తో మొదలుపెట్టవచ్చు. ఒక కాగితంతో నిలువుగా రుద్దితే తర్వాతి దాంతో అడ్డంగా రుద్దండి. అప్పుడు పాత గీతలు మిగిలాయో లేదో కంటికి తెలుస్తుంది. ఒక్క నిలువు గీత మిగిలినా ముందుకు వెళ్లకండి. 600 దగ్గర వదిలేసిన గీత 2000 దగ్గర అద్దంలో వెంట్రుకలా కనబడుతుంది. అప్పుడు మళ్లీ 400కు రావాల్సిందే. నేను రెండుసార్లు అలా వెనక్కి వచ్చాను.

నంబరు మారినప్పుడల్లా నీళ్లు మార్చి, కవరును కడగండి. బకెట్టులో మిగిలిన ముతక రేణువు ఒక్కటి చాలు, గంట పని పాడుచేయడానికి.

బఫింగ్ చక్రం ఉంటే 600 లేదా 800 తర్వాతే దానికి మారవచ్చు. ముందు కుట్టిన గట్టి గుడ్డ చక్రం మీద ముతక పాలిష్ కడ్డీ, తర్వాత వదులు గుడ్డ చక్రం మీద మెత్తని కడ్డీ వాడాలి. ఒక చక్రానికి ఒకటే కడ్డీ. భాగాన్ని చక్రం మధ్య గీత కన్నా కాస్త కింద పట్టుకోండి. కవరు అంచు చక్రం తిరిగే దిశకు ఎదురుగా ఉంటే అది పట్టుకుని చేతిలోంచి లాగి విసురుతుంది. తోలు చేతి తొడుగులు పట్టు పెంచుతాయనిపిస్తుంది కానీ, చక్రంలో చిక్కుకుంటే చేతిని కూడా లాగుతాయి. వదులు చొక్కా చేతులు అంతకన్నా ప్రమాదం.

అద్దంలా మెరిసే లోహం మీద మళ్లీ పారదర్శక లక్కరు వేయాలా? నా సలహా, వద్దు. నునుపైన ముఖానికి లక్కరు సరిగా అంటదు. ఒక రాయి దెబ్బ తగిలితే అక్కడి నుంచి తేమ దూరి ఆ పురుగు గీతలు మళ్లీ మొదలవుతాయి. మైనపు పాలిష్ పూసి, నెలకోసారి పది నిమిషాలు తుడుచుకోవడమే నయం. ఆ తీరిక లేనివాళ్లు 400 దగ్గరే ఆగి, ఒకే దిశలో గీసిన సాటిన్ మెరుపుతో సరిపెట్టుకోవచ్చు. వేళ్ల మచ్చలూ చిన్న గీతలూ అందులో కలిసిపోతాయి. నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

రంగు వేసే భాగాలకు

అల్యూమినియం గాలి తగలగానే కంటికి కనబడని ఆక్సైడు పొర కట్టుకుంటుంది. రంగు దాన్ని సరిగా పట్టుకోదు. అందుకే 320 కాగితంతో గరుకు చేసి, తుడిచి, అదే రోజు ఎచ్ ప్రైమర్ వేయాలి. అందులోని ఆమ్లం లోహాన్ని కాస్త కొరికి పట్టు తెచ్చుకుంటుంది. మామూలు ప్రైమర్ ఇక్కడ పెచ్చులూడుతుంది. మీరు ఎంచుకున్న రంగు డబ్బా మీద ఏ ప్రైమర్ రాసి ఉందో ముందే చూసి రెండూ సరిపోయేవే కొనండి.

కవర్లకు ఇంజను వేడి తట్టుకునే ఎనామెల్ రంగు సరిపోతుంది. సైలెన్సరు గొట్టానికి వద్దు. అక్కడి వేడికి 600 డిగ్రీల పైన తట్టుకునే ప్రత్యేకమైన రంగు కావాలి. దాన్ని దశలవారీగా వేడి చేసి, మధ్యలో చల్లార్చి గట్టిపరచాలి.

డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కొద్దిసేపు ఉంచి, బాగా కుదిపి, ఓ అడుగుకు కాస్త తక్కువ దూరం నుంచి చల్లండి. మొదటి పొర మంచు పడినట్టు పలుచగా ఉండాలి. లోహం ఇంకా కనబడుతుంటే కంగారు పడవద్దు. పది నిమిషాల తేడాతో అలాంటివి మూడు నాలుగు వేయండి. ఒకేసారి కప్పేయాలన్న ఆశే రంగు కారడానికి కారణం. వాన ముసురు ఉన్న రోజు పని వాయిదా వేయండి, గాలిలో తేమ ఎక్కువైతే నల్లరంగు మీద బూడిద ఛాయ తేలుతుంది. టైర్లకు, ప్లాస్టిక్‌కు మెరుపు తెచ్చే సిలికాన్ స్ప్రేలు ఆ గదిలో ఎప్పుడూ వాడకండి. వాటి తుంపర పడిన చోట రంగు చేపకన్నులా విడిపోతుంది.

ఆరిన రంగు ఇంకా గట్టిపడలేదు. పొయ్యిలో కాల్చకముందు పెట్రోలు చుక్క పడితే మెత్తబడిపోతుంది. చాలా ఎనామెళ్లు 90 నుంచి 95 డిగ్రీల దగ్గర గట్టిపడతాయి. ఎంతసేపన్నది డబ్బా మీద ఉంటుంది.

కవరు మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉంటే మొత్తం రంగు వేసి ఆరనివ్వండి. తర్వాత చదునైన చెక్కముక్కకు 600 కాగితం చుట్టి అక్షరాల పైభాగాన్ని మాత్రమే రుద్దండి. నల్లని నేల మీద వెండి అక్షరాలు తేలతాయి. టేపుతో మూసి వేసినదాని కన్నా అంచు పదునుగా వస్తుంది. నల్ల సిలిండరు ఫిన్ల అంచులు కొన్ని బళ్లకు ఫ్యాక్టరీ నుంచే తెల్లగా ఉంటాయి. వాటికీ ఇదే పద్ధతి.

ఫిన్లను బండి మీదే ఉంచి చేయవచ్చు. ప్లగ్ రంధ్రం తెరిచి ఉంచకండి, పాత ప్లగ్‌ను బిగించే ఉంచండి. కార్బొరేటరును, గొట్టాలను సంచులతో కప్పండి. ఫిన్ల లోతుల్లోకి రంగు పంపడానికి ఒకసారి పై నుంచి, ఒకసారి కింది నుంచి ఏటవాలుగా చల్లండి. పొర పలుచగా ఉండాలి. గాలితో చల్లబడే ఇంజనుకు దళసరి రంగు దుప్పటి లాంటిది.

క్రోమ్, బోల్టులు

క్రోమ్ విషయంలో ఆశ తగ్గించుకోవడం మంచిది. అలంకరణ క్రోమ్ పొర ఒక మైక్రాన్‌లో సగం కన్నా తక్కువ మందం ఉంటుంది. మెరుపుకు ఆధారం దాని కింది నికెల్. పైపై తుప్పు చుక్కల మీద నలిపిన అల్యూమినియం రేకును నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే పోతాయి. ఎమరీ కాగితం మాత్రం వద్దు. గుంటలు పడి, పొర లేచిపోతే మళ్లీ పూత వేయించడం తప్ప దారి లేదు. పాత క్రోమ్‌ను ఇంట్లో ఆమ్లాలతో వదిలించే ప్రయత్నం చేయకండి. ఆ ద్రావణాలు చాలా విషపూరితం.

తుప్పు బోల్టులను వైరు బ్రష్‌తో మెరిపిస్తే జింకు పూత పోయి వానాకాలం లోపలే మళ్లీ ఎర్రబడతాయి. అదే పొడవు, అదే మర ఉన్న కొత్తవి పెట్టడం సులువు. స్టెయిన్‌లెస్ బోల్టులు అందంగా ఉంటాయి. కానీ అవి అల్యూమినియంతో కలిస్తే, తేమ తగిలినప్పుడు అల్యూమినియమే క్షీణిస్తుంది. మరలకు అవి బిగుసుకుపోకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు పలుచగా పూసి పెట్టండి. లేకపోతే ఐదేళ్ల తర్వాత విప్పేవాళ్ల శాపనార్థాలు మీకే.

చివరి అడుగు: బిగింపు

పాత గ్యాస్కెట్ బాగున్నట్టు కనబడినా కొత్తదే వేయండి. కవరును సరైన చోట నిలిపే పిన్నులు రెండూ వాటి చోట్లలో ఉన్నాయో లేదో చూడండి, తరచుగా ఒకటి కవరుతో వెళ్లిపోతుంది. రంగు కలిసే ముఖం మీదికి కారి ఉంటే బ్లేడుతో తీయండి. ఆ పొర మీద గ్యాస్కెట్ సరిగా కూర్చోదు. బోల్టులన్నీ ముందు వేళ్లతో పట్టించి, తర్వాత ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించండి. 6 మిల్లీమీటర్ల కవరు బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. చేతి అంచనాతో బిగిస్తే అల్యూమినియం మర సాగిపోతుంది. ఇంకాస్త అని తిప్పే ఆ చివరి పావు చుట్టే ముంచుతుంది.

కొత్త రంగు మీద పానా జారకుండా ప్రతి బోల్టు చుట్టూ మాస్కింగ్ టేపు ముక్క వేసుకోండి. ఆయిలు దించి ఉంటే తిరిగి పోయండి. ఇంజను పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారాక బోల్టులను మరోసారి అదే అంకెకు సరిచూడండి. తర్వాత కవరు కింది అంచు వెంబడి తెల్లని టిష్యూ కాగితం రాసి చూడండి. ఆయిలు మచ్చ కనబడకపోతే బండిని బయటికి తీయవచ్చు. మొదటి రోజు ఇంజను వేడెక్కినప్పుడు కొంచెం రంగు వాసన, పలుచని పొగ వస్తే భయపడకండి. అది రెండు మూడు ప్రయాణాల తర్వాత ఆగిపోతుంది.